ఉన్నదానిని నిలుపుకొనువారి ఆందోళనము

ఆందోళనము అనగానే మనకు క్రొత్తదానిని కోరువారే తలపునకు వత్తురు. భూమి పంచవలెననువారు, కూలి హెచ్చింపవలెననువారు, ప్రభుత్వమునే మార్చవలెననువారు కన్నులముందు నిలుతురు. ఇట్టి ఆందోళనములకు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పేరొందినవే. కాని అవే ఊళ్లలో మరియొక తీరు ఆందోళనము కూడ కలదు. అందు పాల్గొనువారు క్రొత్తలోకమును కోరరు. మా పంట మాకు దక్కనిండు, మా చెరువు నీరు చెడనీయకుడు, మా ఊరి సంగతి మేము చూచుకొందుము, అని మాత్రమే వారందురు. రాజకీయ పరిభాషలో ఇట్టివారికి సంప్రదాయవాదులని పేరు. ఆ మాట వినగానే మడియు, ఆచారమును స్ఫురించుట సహజము. ఇచ్చట మేము దానిని అంత సంకుచితముగ వాడుట లేదు. ఉన్నదానిని నిలుపుకొనుటయే కోరికగా గలవారని మా భావము. వారి బలమెట్టిదో, ఆ బలమునకు ఊరిలో మూల్యము చెల్లించువారెవరో శ్రోతలకు విన్నవింపవలెనని ఈ ప్రసంగము.

గోదావరికి దక్షిణమున పాత కరీంనగరు జిల్లా, ఉత్తరమున పాత ఆదిలాబాదు జిల్లా. 2016 అక్టోబరు 11వ తేదీన ఇవి విభక్తములై, మొదటిదాని నుండి ప్రధానముగ కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, రెండవదాని నుండి ఆదిలాబాదు, నిర్మలు, మంచిర్యాల, కుమరం భీం ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. పేర్లు మారినను పొలములు మారలేదు. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల వైపున పసుపు, వరి, మొక్కజొన్న. నిర్మలు, ఆదిలాబాదు వైపున ప్రత్తి, సోయా.

మొదట 1978వ సంవత్సరమును తలచుకొనవలెను. ఆ ఏట సెప్టెంబరు 7వ తేదీన జగిత్యాలలో రైతుకూలీ సంఘములవారు జరిపిన ఊరేగింపు జైత్రయాత్రయను పేర చరిత్రకెక్కినది. వెట్టి పోవలెను, కూలి పెరుగవలెను, దొరలు ఆక్రమించిన భూములు విడువవలెను అని వారి కోరికలు. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆనాటి పోరాటమున కూలివారు ప్రయోగించిన ఆయుధములలో ఒకటి సాంఘిక బహిష్కారము. మాట వినని దొర యింటికి బట్టలుతుకువారు పోరు, క్షౌరము చేయువారు పోరు, జీతగాండ్రు పోరు, పొలమున నాగలి కదలదు. దెబ్బ వేయకయే గడీని లొంగదీయు ఉపాయమిది. ఈ ఆయుధమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. ఇది తరువాత చేతులు మారినది.

దొరలలో పలువురు పట్టణములకు తరలిపోయిరి. వారి పెత్తనము సన్నగిల్లిన ఊళ్లలో తగవులు తీర్చుటకు, ఉమ్మడి పనులు నడపుటకు ఎవరో ఒకరు కావలసివచ్చెను. ఎన్నికైన గ్రామపంచాయతి కలదు గాని దాని చేతిలో పైకము స్వల్పము. ఈ ఖాళీలో ఎదిగినవే గ్రామాభివృద్ధి కమిటీలు. జనులు వీనిని వీడీసీలందురు. నిజామాబాదు, జగిత్యాల, నిర్మలు ప్రాంతములలో వీనికి గల పట్టు రాష్ట్రమున మరియొకచోట అంతగా కానరాదు. ఇవి చట్టమువలన పుట్టినవి కావు. సాధారణముగ కులమునకొకరు చొప్పున పెద్దలు కూర్చుండి తీర్మానించిన మాట ఊరి మాటయగును. ఆ మాటను డప్పు వేసి చాటుదురు.

కమిటీకి పైకమెట్లు వచ్చునో తెలిసికొన్నచో దాని బలము బోధపడును. ఊరిలో మద్యమమ్ము బెల్టు షాపును వేలము వేయుదురు. చెరువులో చేపలు పట్టు హక్కును, కొన్ని చోట్ల మాంసము, కిరాణము అమ్ము హక్కును సైతము వేలము వేయుదురు. ఎక్కువ పాడినవానికే ఆ అంగడి. ఇతరులు అమ్మినచో తప్పు, అనగా జరిమానా. ఇట్లు చేకూరిన ధనముతో గుడి కట్టుదురు, బడికి గది వేయుదురు, మంచినీటి యంత్రము పెట్టుదురు, వీధికి దీపములు వేయుదురు. కచేరిలో ఏండ్ల తరబడి కదలని పని ఇచ్చట ఒక మాసములో ముగియును. కమిటీని మెచ్చుకొనువారు ఇది చూచియే మెచ్చుకొందురు, వారిని తప్పుపట్టలేము. కాని సర్పంచి పదవిని కూడ వేలమున ఒకరికి కట్టబెట్టి, ఎన్నిక ఏకగ్రీవమైనదని చాటిరన్న వార్తలు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల పత్రికలలో కానవచ్చుచున్నవి. ఊరికి లక్షలు వచ్చినవి, ఓటు మాత్రము పోయినది.

కమిటీ మాట కాదన్నవాని గతియేమి? 1978లో దొరపై ప్రయోగించిన ఆయుధమే ఇప్పుడు ఊరిలోని బలహీనునిపై ప్రయోగింపబడుచున్నది. జరిమానా కట్టనివానితో ఎవరును మాటలాడరాదు. అంగడిలో ఉప్పు ఈయరాదు, పొలమునకు కూలి పోరాదు, వాని ఆటో ఎక్కరాదు, పెండ్లికి పిలువరాదు. మాటలాడినవానికి మరల జరిమానా. దళితులపై, కల్లుగీత వృత్తివారిపై, ఇతర చేతివృత్తులవారిపై ఇట్టి బహిష్కారములు విధింపబడినవని పోలీసులకు పలుమారులు ఫిర్యాదులు పోయినవి. దొరకు పట్టణమున మరియొక యిల్లు ఉండెను. కమ్మరికో, గీతకార్మికునికో ఆ ఊరు తప్ప వేరు ఊరు లేదు. అందుచే ఆయుధము ఒక్కటియే అయినను గాయము వేరు.

షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధ చట్టమునకు 2015లో చేసిన సవరణవలన ఆ వర్గములవారిని సాంఘికముగ గాని ఆర్థికముగ గాని బహిష్కరించుట నేరముగా పేర్కొనబడెను. ఆదిలాబాదునకు పొరుగుననున్న మహారాష్ట్రము మరియొక అడుగు ముందుకువేసి, ఏ కులమువారినైనను బహిష్కరించుట నేరమని 2016లో ప్రత్యేక చట్టమే చేసెను. ఆ రాష్ట్రమున కుల పంచాయతీల ఆగడములపై వచ్చిన ఫిర్యాదులే దానికి కారణము.

ఇట్టి కట్టుబాటు గల ఊళ్లు ప్రభుత్వముతో తగవుపడినప్పుడు ఏమగునో 2019లో దేశమంతయు చూచెను. అది పసుపు కథ.

పసుపు తొందరపడు పంట కాదు. జూను మాసమున నాటిన దుంప సంక్రాంతి దాటిన పిమ్మట గాని తవ్వకమునకు రాదు. ఎకరమునకు ఎనిమిది పది క్వింటాళ్ల విత్తనము కావలెను. తవ్విన దానిని ఉడికించి, కళ్లములో పక్షము దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి మెరుగు పట్టిన గాని బేరమునకు పనికిరాదు. ఇన్ని మాసములు పెట్టుబడి నేలలోనుండును. అందువలన పసుపు రైతు సాహసి కాడు. లెక్కలు చూచుకొను గృహస్థు. అతనికి కలహము గిట్టదు. 2010, 2011 ప్రాంతమున బాగుగ పలికిన ధర పిమ్మట పడిపోయి, 2019 నాటికి క్వింటాలునకు సుమారు 5, 6 వేల రూపాయలకు దిగెను. వరికి వలె పసుపునకు కేంద్రప్రభుత్వపు కనీస మద్దతు ధర లేదు. కొచ్చిలోని సుగంధద్రవ్యముల బోర్డు ఏలకులు, మిరియములతోపాటు దీనిని కూడ చూచుచుండెను. పొగాకునకు 1976 నుండి గుంటూరులో ప్రత్యేకముగ బోర్డు కలదు గదా, పసుపునకేల లేదు, అని రైతుల ప్రశ్న. పసుపునకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఈయవలెనని వారు కోరిరి. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు కడ జాతీయ రహదారిపై బైఠాయించిరి. ఫలితము లేకపోయెను.

అంతట వారికి తోచిన ఉపాయము విచిత్రమైనది. రాళ్లు రువ్వలేదు, బస్సులు తగులబెట్టలేదు. చట్టము తమకిచ్చిన హక్కునే పట్టుకొని, లోకసభ ఎన్నికకు మూకుమ్మడిగా నామినేషన్లు వేసిరి. నిజామాబాదు లోకసభ నియోజకవర్గములోని ఏడు శాసనసభ స్థానములలో కోరుట్ల, జగిత్యాల పాత కరీంనగరు జిల్లాలోనివి. మెట్‌పల్లి రైతును, ఆర్మూరు రైతును ఒకే పెట్టెలో ఓటు వేయువారు. ఉపసంహరణ గడువు ముగియునప్పటికి అభ్యర్థులు 185 మంది మిగిలిరి. అందు 178 మంది రైతులు.

తెలుగునేలపై ఇట్టిది ఇదియే మొదలు కాదు. 1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది పోటీచేసిరి. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన పల్లెలవారి మొర అది. ఆనాడు ఓటు కాగితము పుస్తకమంతయైనది. అప్పుడు ధరావతు 500 రూపాయలు మాత్రమే. ఇట్టి మూకుమ్మడి పోటీలను ఆపుటకు ఆ ఏటనే చట్టమును సవరించి 10,000 చేసిరి. తరువాత అది 25,000 అయ్యెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికి అందు సగము. పోలైన ఓట్లలో ఆరవ వంతు రానిచో ధరావతు పోవును. ఇక లెక్క చూతము. 178 మందియు పూర్తి ధరావతు కట్టవలసినవారే యైనచో 44 లక్షల 50 వేల రూపాయలు. నాటి ధరకు ఒక్కొక్కరి ధరావతు నాలుగైదు క్వింటాళ్ల పసుపు. గెలువమని తెలిసియు, పైకము తిరిగిరాదని తెలిసియు కట్టిరి. దీనికితోడు గుర్తింపు పొందిన పార్టీ లేని అభ్యర్థికి ప్రతిపాదకులు పదిమంది కావలెను. ఆస్తి, అప్పులు, కేసులు తెలుపు ప్రమాణపత్రము జతచేయవలెను. బంజరుదొడ్డిలో పశువును విడిపించుకొనుటకే నాలుగుమారులు తిరుగు రైతులు ఇన్ని కాగితములను లోపము లేక సమర్పించిరనగా, ఊళ్లు కలిసి పనిచేయు అలవాటు ఎంత గట్టిదో ఊహింపవచ్చును.

ఎన్నికల సంఘమునకు చిక్కు వచ్చిపడెను. పాత ఓటు యంత్రము 64 పేర్లకు మించి చాలదు. ఒక్కొక్క పలకపై 16 పేర్లు. 185 మందికిని, ఎవరును వద్దను మీటకును కలిపి 12 పలకలు కావలెను. క్రొత్తరకపు యంత్రములు తెప్పించి, ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 పలకలను వరుసగ అమర్చిరి. 15 లక్షలకు పైబడిన ఓటర్లలో ఓటు వేయవచ్చినవారు 2019 ఏప్రిలు 11న వాని ముందు నడచుచు తమకు కావలసిన గుర్తును వెదకికొనిరి. తమకు గుర్తులు ఆలస్యముగ దొరికినవనియు, ప్రచారమునకు వ్యవధి చాలలేదనియు రైతు అభ్యర్థులు ఫిర్యాదు చేసిరి. నిజమే. కాని వారి ప్రచారము ఆ పలకలే చేసినవి.

మే 23న ఫలితము వెలువడెను. నాటి ముఖ్యమంత్రి కుమార్తెయు, అప్పటి లోకసభ సభ్యురాలును అగు కల్వకుంట్ల కవిత, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ చేతిలో 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయిరి. గెలిచిన ఐదు దినములలో పసుపు బోర్డు తెత్తునని అరవింద్ బాండు కాగితముపై వ్రాసియిచ్చియుండిరి. పల్లెవాడు నోటిమాటకన్న ముద్రకాగితమును ఎక్కువ నమ్మునని ఆయనకు తెలియును. ఐదు దినములు ఐదేండ్లకు పైగా సాగినవి. 2020లో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రాంతీయ కార్యాలయమును ప్రకటించిరి. మేమడిగినది ఇది కాదని రైతులు తిరుగబడిరి. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగరు సభలో ప్రధానమంత్రి జాతీయ పసుపు బోర్డును ప్రకటించిరి. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాదు కేంద్రముగ అది ప్రారంభమయ్యెను. బోర్డు వేరు, ధర వేరు అని గ్రహింపవలసియున్నది. బోర్డు పరిశోధన చేయించును, ఎగుమతికి తోడ్పడును. మద్దతు ధర ప్రకటించుట దాని పని కాదు. రైతులు కోరినవి రెండు; దొరకినది ఒకటి.

పొరుగుననే చెరకు రైతు గతి వేరు. మల్లాపూరు మండలములోని ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో, బోధను, ముంబోజిపల్లి కర్మాగారములతోపాటు మూతపడెను. తిరిగి తెరువుడని రైతులు, కార్మికులు చేసిన దీక్షలకు, పాదయాత్రలకు పసుపు రైతుల పోరునకు వచ్చినంత పేరు రాలేదు. ఒక కర్మాగారము చుట్టునున్న ఊళ్లు కొన్నియే. పసుపు పండించు ఊళ్లు వందలు.

ఇక గోదావరి దాటి నిర్మలు జిల్లాకు పోదము. దిలావర్‌పూరు, గుండంపల్లి గ్రామముల కడ ఇథనాలు కర్మాగారము కట్టుచుండగా, నీరును గాలియు చెడునని చుట్టుప్రక్కల ఊళ్లవారు మాసముల తరబడి అభ్యంతరము తెలిపిరి. 2024 నవంబరు 26న ఊళ్లకు ఊళ్లే కదలివచ్చి నిర్మలు, భైంసా రహదారిపై కూర్చుండిరి. మాటలాడవచ్చిన రెవెన్యూ డివిజనల్ అధికారిణిని గంటల తరబడి కదలనీయలేదు. అది తగిన పని కాదని మేమందుము. ఆమె ఆ కర్మాగారమునకు అనుమతి ఇచ్చినవారు కారు. మరునాడు ప్రభుత్వము పనులు నిలిపివేయించెను. ఇచ్చట కూడ జనులు క్రొత్తదేమియు అడుగలేదు. పరిశ్రమ వచ్చినచో ఉద్యోగములు వచ్చునని చెప్పినవారికి, మాకు పొలమున్నది చాలునని బదులిచ్చిరి.

ఆసిఫాబాదు అడవులలో ఇదే మాట మరియొక భాషలో వినవచ్చును. 1940లో జోడేఘాటు కడ నేలకొరిగిన కుమరం భీం పేరుతోనే, 2025 మే 30న ప్రభుత్వము 49వ నంబరు ఉత్తర్వున పులుల రాకపోకలకై ఒక సంరక్షణ ప్రాంతమును ప్రకటించెను. సంరక్షణయను మాటకు అటవీశాఖవారి అర్థమొకటి, గోండు, కోలాం గూడెములవారి అర్థము మరొకటి. అడవిని ఇన్నినాళ్లు కాపాడినది మేమే గదా, మమ్ము వెడలించుట యెట్లు సంరక్షణమగునని వారడిగిరి. బందు పిలుపుల నడుమ జూలైలో ప్రభుత్వము ఆ ఉత్తర్వును నిలిపియుంచెను.

ఈ ఆందోళనములలో ఎవరి గొంతు వినబడినది, ఎవరిది వినబడలేదు అను ప్రశ్న మిగిలియున్నది. పసుపునకు 15,000 కావలెనన్న కోరికలో భూమిగల రైతు లాభము స్పష్టముగ నున్నది. అదే భూమిని కౌలుకు చేయువాని సంగతి అంత స్పష్టముగ లేదు. ధర పెరిగినచో మరుసటి ఏట కౌలు కూడ పెరుగును. ఇక తవ్వకపు కాలమున వంగిన నడుము ఎత్తక దుంపలేరువారిలో స్త్రీలే హెచ్చు. వారి కూలి ఆ కోరికల పట్టికలో లేదు. దిలావర్‌పూరు రహదారిపై స్త్రీలు ముందు వరుసలో కూర్చుండిరి. కమిటీ చావడిలో స్త్రీలు కూర్చుండిన ఊళ్లు అరుదు.

ఊరంతయు ఒక్కమాటపై నిలుచుటవలననే పసుపు రైతు ఢిల్లీవరకు వినబడెను. ఆ ఒక్కమాటకు ఎదురుపలికిన గీతకార్మికుని ఫిర్యాదు మండల కేంద్రములోని పోలీసు ఠాణాకు చేరుటయే గగనము. ఈ రెండింటిని వేరుచేసి, మొదటిదానిని ప్రజాస్వామ్యమనియు, రెండవదానిని మూఢాచారమనియు పేర్లు పెట్టువారు కలరు. అట్లు వేరగునని మాకు తోచదు. నామినేషనునకు పదిమంది ప్రతిపాదకులను ఒక సాయంత్రములో కూడబెట్టగల ఊరికి, ఒక యింటికి నీళ్లు, నిప్పు ఆపుట కూడ ఒక సాయంత్రపు పనియే. చట్టమునకు ఇచ్చట పని కలదు. వేలముల పైకమునకు లెక్క పంచాయతి పుస్తకములోనికి రావలెను. బహిష్కారపు ఫిర్యాదు వచ్చిన దినముననే నమోదు కావలెను. కమిటీలను రద్దు చేయుదుమని అధికారులు హెచ్చరించుట పలుమారులు జరిగినది. చట్టములో లేనిదానిని రద్దుచేయుట ఎట్లో వారును చెప్పలేదు.

మాఘమాసమున మెట్‌పల్లి మార్కెటు యార్డులో పసుపు రాసులు పోయుదురు. వ్యాపారి గుప్పెడు కొమ్ములు తీసి, విరిచి, లోపలి రంగు చూచి ధర పలుకును. రైతు దానిని కాదనవచ్చును, మరియొక దినము వేచియుండవచ్చును, నిజామాబాదునకో సాంగ్లీకో తరలింపవచ్చును. ఆ కొమ్ములను తవ్విన కూలిధర ఎంతయో పలు ఊళ్లలో నాటకముందే కమిటీ చాటించియుండును. దానిని కాదన్నవారు పని కొరకు ఏ ఊరు పోవలెనో ఆ చాటింపులో ఉండదు.